సందేహాలు – సమాధానాలు: ఆర్‌ఎన్‌ఏపై గుర్తులు, మూత్రవ్యవస్థ క్యాన్సర్లు

ప్రశ్న: మా నాన్నగారికి మూత్రాశయ క్యాన్సర్ అని బయాప్సీలో తేలింది. ఈ జబ్బులో మెటిల్3 అనే ఎంజైమ్ ఎక్కువగా ఉంటుందనీ, అది ఆర్‌ఎన్‌ఏను మారుస్తుందనీ చదివాను. ఆర్‌ఎన్‌ఏను మార్చడమంటే ఏమిటి? నాన్నగారికి ఆ ఎంజైమ్ పరీక్ష చేయించాలా? దాన్ని అడ్డుకునే మందు ఉందా? – ఒక పాఠకురాలు

జవాబు: జన్యువులోని సమాచారం ఎంఆర్‌ఎన్‌ఏగా నకలవుతుందనీ, ఆ నకలును బట్టి రైబోజోమ్ ప్రోటీన్‌ను తయారు చేస్తుందనీ బడిలో చదువుకున్నాం. పాఠ్యపుస్తకాల్లో అంతగా కనిపించని సంగతి ఏమిటంటే, నకలు తయారవుతున్నప్పుడూ ఆ తర్వాతా కొన్ని ఎంజైములు దానిలోని అక్షరాలకు చిన్న రసాయన సమూహాలను తగిలిస్తాయి. సాధారణంగా దీనివల్ల ప్రోటీన్ స్వరూపం మారదు. ఆ ఎంఆర్‌ఎన్‌ఏ కణంలో ఎంతసేపు నిలుస్తుంది, దాని నుంచి ఎంత ప్రోటీన్ తయారవుతుంది అన్నవి మారతాయి. అన్ని రకాల ఆర్‌ఎన్‌ఏలనూ కలిపి చూస్తే ఇలాంటి మార్పులు 170కి పైగా తెలుసు. ఎంఆర్‌ఎన్‌ఏ లోపలి భాగంలో అన్నిటికన్నా విరివిగా కనిపించేది ఎం6ఏ, అంటే ఆర్‌ఎన్‌ఏ అక్షరాల్లో ఒకటైన అడెనోసిన్‌లో ఆరో స్థానం దగ్గరి నైట్రోజన్‌కు మిథైల్ సమూహం చేరడం. దీన్ని 1974లోనే గుర్తించినా, ఈ గుర్తును తొలగించే ఎఫ్‌టీఓ అనే ఎంజైమ్ ఉందని 2011లో తేలాకే పరిశోధన ఊపందుకుంది. ఒకసారి పడితే చెరగనిది అనుకున్న గుర్తును కణం తన అవసరాన్ని బట్టి వేస్తుందనీ తీస్తుందనీ అప్పుడు అర్థమైంది.

ఈ గుర్తును వేసేది మెటిల్3. మెటిల్14 దానితో జతకట్టి ఆర్‌ఎన్‌ఏను పట్టుకోవడానికి తోడ్పడుతుంది. అయితే గుర్తు పడినంత మాత్రాన ఏమీ జరగదు, దాన్ని చదివే ప్రోటీన్ రావాలి. వైటీహెచ్‌డీఎఫ్2 చదివితే ఆ ఎంఆర్‌ఎన్‌ఏ త్వరగా విచ్ఛిన్నమవుతుంది. ఐజీఎఫ్2బీపీ కుటుంబం ప్రోటీన్లు చదివితే అదే ఎంఆర్‌ఎన్‌ఏ మరింత కాలం నిలుస్తుంది. ఒకే గుర్తుకు రెండు విరుద్ధ ఫలితాలు ఉండటం ఈ రంగంలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయమని నా అభిప్రాయం. మీ ప్రశ్నకు జవాబు కూడా దీని మీదే ఆధారపడి ఉంది.

మీరు చదివింది నిజమే. మూత్రాశయ కణితుల్లో మెటిల్3 పక్కనున్న ఆరోగ్యకర కణజాలంలో కన్నా ఎక్కువగా ఉంటుందని పలు అధ్యయనాలు చూపాయి. 2019లో వెలువడిన ఒక పరిశోధన దాని పనిని దగ్గరగా చూపింది. మెటిల్3 వేసే గుర్తుల వల్ల 221, 222 సంఖ్యలు గల రెండు మైక్రో ఆర్‌ఎన్‌ఏలు (ఇతర ఎంఆర్‌ఎన్‌ఏలను అణిచే చిన్న ఆర్‌ఎన్‌ఏలు) ముడి రూపం నుంచి పక్వరూపానికి త్వరగా చేరతాయి. అవి వెళ్లి, కణ విభజనకు కళ్లెం వేసే పీటెన్ అనే ప్రోటీన్ ఉత్పత్తిని తగ్గిస్తాయి. పీటెన్ తగ్గితే కణాల పెరుగుదలకు అడ్డు తొలగినట్టే. ఇది ఎం6ఏకే పరిమితం కాదు. సైటోసిన్ అనే మరో అక్షరానికి మిథైల్ తగిలించే ఎన్‌సన్2 అనే మరో ఎంజైమ్ హెచ్‌డీజీఎఫ్ అనే వృద్ధికారకపు ఎంఆర్‌ఎన్‌ఏ మీద గుర్తు వేస్తే, వైబీఎక్స్1 అనే ప్రోటీన్ దాన్ని చదివి ఆ ఎంఆర్‌ఎన్‌ఏ చెడిపోకుండా కాపాడుతుందని, దానితో మూత్రాశయ క్యాన్సర్ ముదురుతుందని అదే ఏడాది మరో బృందం చూపింది.

ఇక మూత్రపిండానికి వస్తే కథ ఇంత సూటిగా లేదు. అక్కడ ఎక్కువగా వచ్చే క్లియర్ సెల్ రకంలో వీహెచ్ఎల్ అనే జన్యువు సాధారణంగా పనిచేయకుండా పోతుంది. అలాంటి కణాలు బతకడానికి ఎఫ్‌టీఓ అవసరమనీ, దాన్ని అణచివేస్తే అవి దెబ్బతింటాయనీ 2020లో ఒక బృందం చెప్పింది. గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లాన్ని కణంలోకి చేరవేసే ప్రోటీన్ ఎఫ్‌టీఓ అధీనంలో ఉండటమే అందుకు ఒక కారణమని వారు చూపారు. అంతకు ముందు ఏడాదే మరో బృందం సరిగ్గా వ్యతిరేకంగా, ఈ కణితుల్లో ఎఫ్‌టీఓ తగ్గి ఉంటుందనీ, దాన్ని పెంచితే మైటోకాండ్రియా చురుకై కణితి పెరుగుదల తగ్గుతుందనీ చెప్పింది. ఈ రెండిటిలో ఒకటి తప్పని కొట్టిపారేయనక్కరలేదు. ఎంజైమ్ మోతాదు ఒక్కటే ఫలితాన్ని నిర్ణయించదు. ఆ కణంలో ఏ ఎంఆర్‌ఎన్‌ఏలు ఉన్నాయి, వాటిని చదివేది ఏ ప్రోటీన్ అన్నవీ నిర్ణయిస్తాయి.

అందుకే నాన్నగారికి మెటిల్3 పరీక్ష అవసరం లేదు. ఆ ఫలితం ఎంత వచ్చినా దాన్ని బట్టి ఏ వైద్యుడూ చికిత్స మార్చరు. కణితి మూత్రాశయపు కండర పొరలోకి చొచ్చుకుపోయిందా లేదా అన్నదే మొదట తేలాలి. చొచ్చుకుపోకపోతే కణితిని తొలగించి, ముప్పు ఎక్కువగా ఉన్నవారికి క్షయ టీకాగా వాడే బీసీజీని మూత్రాశయంలోకి ఎక్కిస్తారు. వ్యాధి ముదిరినవారిలో ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 జన్యు పరీక్షకు నిజంగా ప్రయోజనం ఉంది, ఎందుకంటే ఆ మార్పు ఉన్నవారికి పనిచేసే ఎర్డాఫిటినిబ్ అనే మందు 2019 నుంచి వాడుకలో ఉంది. నాన్నగారు పొగ తాగే వారైతే వెంటనే మాన్పించండి. ఈ క్యాన్సర్‌కు ప్రధాన కారణం అదే.

మెటిల్3ను అడ్డుకునే ఎస్‌టీఎం2457 అనే రసాయనం రక్త క్యాన్సర్ ఉన్న ఎలుకల్లో పనిచేసిందని 2021లో వెల్లడైంది. అదే కోవకు చెందిన ఎస్‌టీసీ-15ను 2022 చివర్లో, ముదిరిన కణితులు ఉన్న మనుషులపై మొదటి దశ పరీక్షలకు తీసుకువెళ్లారు. మొదటి దశ ప్రధానంగా మందు ఎంత మోతాదులో సురక్షితమో తేల్చడానికి చేసేది. ఇంటర్నెట్‌లో ఎవరైనా దీన్ని నయం చేసే మందుగా అమ్మజూపితే దయచేసి నమ్మకండి.

ప్రశ్న: సరదాగా చేయించుకున్న జన్యు పరీక్షలో నాకు ఎఫ్‌టీఓ జన్యువులో మార్పు ఉందని, ఊబకాయం ముప్పు ఎక్కువని వచ్చింది. ఎఫ్‌టీఓ కిడ్నీ క్యాన్సర్‌కు సంబంధించిందని విని భయపడుతున్నాను. – ఒక పాఠకుడు

జవాబు: మీ నివేదికలోని జన్యువూ, పైన చెప్పిన ఎంజైమ్‌ను తయారు చేసే జన్యువూ ఒకటే. అయినా మీ భయానికి అది ఆధారం కాదు. ఊబకాయంతో సంబంధం ఉందని 2007లో గుర్తించిన ఆ మార్పులు ప్రోటీన్ సమాచారం లేని ఇంట్రాన్ భాగంలో ఉంటాయి, కాబట్టి మీ ఎఫ్‌టీఓ ఎంజైమ్ స్వరూపం మామూలుగానే ఉంటుంది. ఆ మార్పులు చాలావరకు అదే క్రోమోజోమ్ మీద దూరంగా ఉన్న ఐఆర్‌ఎక్స్3, ఐఆర్‌ఎక్స్5 అనే వేరే జన్యువుల ద్వారా ప్రభావం చూపుతాయని తర్వాత తేలింది. కణితిలో ఎఫ్‌టీఓ పెరగడం, తగ్గడం మాత్రం ఆ కణితి కణాల్లో జరిగేది, పుట్టుకతో వచ్చేది కాదు. అయితే ఊబకాయం, అధిక రక్తపోటు కిడ్నీ క్యాన్సర్ ముప్పును పెంచుతాయన్నది స్థిరపడిన విషయం. మీ నివేదిక కన్నా మీ బరువు, రక్తపోటు అంకెలే మీకు ఎక్కువ ఉపయోగపడతాయి.

ప్రశ్న: ఈ గుర్తులను మూత్ర పరీక్షలోనే పట్టుకోవచ్చా? – మరో పాఠకుడు

జవాబు: మూత్రంలో ఆర్‌ఎన్‌ఏను కొలవడం కొత్త కాదు. ప్రొస్టేట్ క్యాన్సర్ అనుమానంతో ఒకసారి బయాప్సీ చేసి ఏమీ కనబడనివారికి మళ్లీ చేయాలా అని తేల్చుకోవడానికి పీసీఏ3 అనే ఆర్‌ఎన్‌ఏను మూత్రంలో కొలిచే పరీక్షకు అమెరికా 2012లో అనుమతి ఇచ్చింది. అది ఆర్‌ఎన్‌ఏ ఎంత ఉందో చెబుతుంది, దాని మీది గుర్తులను చూడదు. గుర్తులను చూడటం చాలా కష్టం. మామూలు పద్ధతుల్లో ఆర్‌ఎన్‌ఏను ముందు డీఎన్‌ఏగా మార్చుకుని చదువుతారు. ఆ మార్పిడిలో ఎం6ఏ ఆనవాలు లేకుండా పోతుంది. పైగా మూత్రంలోని ఎంజైములు ఆర్‌ఎన్‌ఏను త్వరగా ముక్కలు చేస్తాయి. ఆర్‌ఎన్‌ఏ పోగును అతి సూక్ష్మమైన రంధ్రం గుండా పంపి, విద్యుత్ ప్రవాహంలో వచ్చే తేడాలను బట్టి గుర్తులను నేరుగా పసిగట్టే నానోపోర్ పద్ధతి మీద ఇప్పుడు ఆశలున్నాయి. దానికి తగినంత ఆర్‌ఎన్‌ఏ కావాలి, అదీ పొడుగైన పోగులుగా ఉండాలి. మూత్రంలో దొరికేవి ఎక్కువగా ముక్కలే. ఈలోగా మూత్రంలో రక్తం కనబడితే, నొప్పి లేకపోయినా, ఒక్కసారే వచ్చి ఆగిపోయినా, యూరాలజిస్టు దగ్గరకు వెళ్లి సిస్టోస్కోపీ (సన్నని గొట్టంతో మూత్రాశయం లోపల చూసే పరీక్ష) అవసరమేమో అడగండి.