నల్ల ఇంజన్ ముక్కలు కలవడం లేదు

ప్రశ్న: నేనూ మావారూ 1000 ముక్కల ఆవిరి రైలు జిగ్‌సా (ముక్కలు పేర్చి బొమ్మ తయారుచేసే ఆట) మొదలుపెట్టాం. అంచులు కుదిరాయి, నల్లటి ఇంజన్ దగ్గర ఆగిపోయాం. ఏం చేయాలి?

జవాబు: ముందు గీతలు వెతకండి. చక్రాలను కలిపే కడ్డీలు, బాయిలర్ చుట్టూ పట్టీలు, నంబరు పలక: వీటి మెరుపు తగిలిన ముక్కలన్నీ ఏరి ఇంజన్ ఆకారం నిలబెట్టండి. మిగిలిన ఉత్త నల్ల ముక్కలను వాటి అంచున పొడుచుకొచ్చిన బుడిపెల లెక్కన వేరు చేయండి. రెండు బుడిపెలున్నవాటిలో ఎదురెదురువి, పక్కపక్కవి విడివిడిగా పెట్టాలి. ఈ ఒక్క పనితో వెతుకులాట బాగా తగ్గుతుంది. ఒకరు ఇంజన్, ఇంకొకరు పొగ, ఆకాశం పట్టుకుంటే చేతులు అడ్డుపడవు. బిగువుగా ఉన్న ముక్కను బలవంతంగా నొక్కకండి, బొమ్మ కాగితం లేచిపోతుంది. పూర్తయితే దాదాపు 70×50 సెం.మీ. వస్తుంది. కాస్త పెద్ద ప్లైవుడ్ పలక మీద పేర్చండి, భోజనాల వేళ ఎత్తి పక్కన పెట్టుకోవచ్చు.