సిలికాన్ ఉండగా గ్యాస్ డిటెక్టర్ ఎందుకు?

సిలికాన్ డిటెక్టర్లు అంత కచ్చితంగా కొలుస్తుంటే నక్షత్రాల్లోని అణుచర్యల కోసం ఇంకా గ్యాస్ నింపిన పెట్టెలు వాడటమేంటని అడిగారు. నా పీహెచ్‌డీ అంతా అలాంటి పెట్టెతోనే గడిచింది, కాబట్టి చెప్తాను.

నోవా (తెల్ల మరుగుజ్జు నక్షత్రం పైపొరలో జరిగే) పేలుడులో ఫాస్ఫరస్-30 ఒక ప్రోటాన్‌ను పట్టుకుని సల్ఫర్-31 అవుతుంది. ఆ చర్య ఎంత వేగంగా జరుగుతుందో నేరుగా కొలవాలంటే చాలా బలమైన ఫాస్ఫరస్-30 బీమ్ కావాలి, అది దొరకదు. అందుకే దొడ్డిదారి: క్లోరిన్-31 బీటా క్షయం చెంది అదే సల్ఫర్-31 ఉత్తేజిత స్థితికి చేరి, అప్పుడప్పుడు ప్రోటాన్‌ను వదిలేస్తుంది. ఆ ప్రోటాన్ శక్తి 260 కెఇవి (కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, కణాల శక్తికి కొలత) మాత్రమే, పైగా చాలా అరుదు.

సిలికాన్‌తో చిక్కంతా ఇక్కడే. కేంద్రకాన్ని సిలికాన్ లోపలే ఆపుతాం కదా, ప్రోటాన్‌తో పాటు బీటా (క్షయంలో వెలువడే పాజిట్రాన్) కూడా అందులోంచే పోతూ ఒక్క మిల్లీమీటరులో 300 కెఇవి పైనే వదిలి వెళ్తుంది, ఇక మన ప్రోటాన్ చిన్న పీక్ (శక్తి గ్రాఫ్‌లో లేచే మొన) ఆ గోలలో ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే. అదే పీ-10లో (90 శాతం ఆర్గాన్, 10 శాతం మీథేన్) అయితే మామూలు వాతావరణ పీడనం దగ్గర బీటా వదిలేది సెంటీమీటరుకు రెండున్నర కెఇవి. ప్రోటాన్ మాత్రం కొన్ని మిల్లీమీటర్లలోనే ఆగిపోయి సుమారు పదివేల ఎలక్ట్రాన్లను విడగొడుతుంది. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో గాడ్జెట్ అనే పరికరం కట్టింది ఈ సూత్రం మీదే. గ్యాస్‌కు గామా కిరణాలు దాదాపు కనపడవు, అందుకే వాటిని పట్టడానికి దాని చుట్టూ జెర్మేనియం డిటెక్టర్లు పెట్టారు.

ఈ పెట్టెను టైమ్ ప్రొజెక్షన్ ఛాంబర్‌గా (కణం నడిచిన గీతను చూపే రకంగా) మారిస్తే ఇంకా బాగుంటుంది, శక్తితో పాటు దారి కూడా కనిపిస్తుంది. మెగ్నీషియం-20 క్షయంలో ముందు ప్రోటాన్, వెంటనే ఆల్ఫా, రెండూ ఒకే బిందువు నుంచి బయల్దేరతాయి. ఎక్స్-రే బరస్ట్‌లకు (న్యూట్రాన్ నక్షత్రాల మీద జరిగే పేలుళ్లకు) కీలకమైన ఆక్సిజన్-15, ఆల్ఫా చర్య లెక్క అందులో ఉంది. ఆ రెండు గీతలనూ సిలికాన్ ఒకే నంబరుగా కలిపేస్తుంది.

అలాగని హాయిగా ఉంటుందనుకోకండి. కాస్త ఆక్సిజన్ లీకైనా అది ఎలక్ట్రాన్లను మింగేస్తుంది. ప్యాడ్లకు (ఎలక్ట్రాన్లను పట్టే పలకలకు) దూరంగా మొదలైన ట్రాక్‌ల పల్స్ మాత్రమే బక్కచిక్కిపోతుంటే లీక్ ఉందనే లెక్క. నేను ముందు చూసేది అదే. గ్యాస్ బయటికి వదిలే రకమైతే బయటి వాతావరణ పీడనం పెరిగిన రోజు గెయిన్ (ఎలక్ట్రాన్లు ఎన్ని రెట్లు పెరుగుతాయో ఆ లెక్క) తగ్గిపోతుంది, పీక్ పక్కకు జరిగిందని టెన్షన్ పడేముందు బారోమీటర్ చూడండి. కాలిబ్రేషన్‌కు (కొలత సరిచూసుకోవడానికి) గ్యాస్‌లోకి రాడాన్-220 పంపేవాళ్లం: ఒక ఆల్ఫా గీత పడుతుంది, సెకనులో ఐదో వంతు సగటున ఆగాక పొలోనియం-216 నుంచి రెండోది. స్క్రీన్ మీద ఆ జంట కనబడితే పెట్టె ఆరోగ్యంగా ఉన్నట్టే.

మీ ప్రోటాన్లు 1 ఎంఇవి (వెయ్యి కెఇవి) దాటినవైతే మాత్రం ఇంత తిప్పలొద్దు, పలుచని సిలికాన్ తీసుకోండి. సగం ఎంఇవి కన్నా తక్కువైతేనే గ్యాస్ జోలికి వెళ్లండి.