తుఫానుకి వరి పడిపోయింది, ఇప్పుడు పాత ట్రాక్టర్ కొనొచ్చా?

మీరు అడిగింది ఇదీ: నాలుగెకరాల వరి కోతకొచ్చిన టైంలో తుఫానుకి నేలకొరిగింది, నీళ్ళు ఇంకా చేలోనే ఉన్నాయి, కోత మిషన్ల వాళ్ళు ఫోన్ ఎత్తడం లేదు, ఈలోగా పక్క ఊళ్ళో ఒకాయన ఇరవై ఏళ్ళ నాటి ట్రాక్టర్ లక్షన్నరకి ఇస్తానంటున్నాడు, ఇంట్లో బంగారం పెట్టి తీసుకోవచ్చా అని. చదువుతుంటే 2023 డిసెంబర్‌లో నేనే ఎవరినో అడిగినట్టుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ముందే చెప్తున్నా, ఈ నెలలో మాత్రం కొనకండి. ట్రాక్టర్ వద్దని కాదు, ఇప్పుడు మీ చేతిలో ఉన్న ప్రతి రూపాయికీ చేలోనే పని ఉంది.

మాది బాపట్ల దగ్గర. రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. మిచాంగ్ తుఫాను డిసెంబర్ 5న, మంగళవారం మధ్యాహ్నం, మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. అంతకుముందు రెండు రోజుల నుంచే వాన. చేలో సాంబ మసూరి, అదే బీపీటీ 5204, ఇంకో వారంలో కోద్దామనుకుంటున్నాం. బుధవారం పొద్దున వెళ్ళి చూస్తే చేను మొత్తం చాప పరిచినట్టు ఒకే వైపుకి పడుకుని ఉంది, కంకులు నీళ్ళలో. మూడో రోజు ఒక కంకి పైకెత్తి చూశా. నీళ్ళకి తగులుతున్న వైపు గింజలకి తెల్లగా, సూది మొనంత మొలక. పై వైపు గింజలు మాత్రం ఇంకా బంగారంలా గట్టిగా ఉన్నాయి. ఒకే కంకిలో సగం పోయింది, సగం ఉంది. ఆ ఉన్న సగం కోసమే మీరిప్పుడు పరిగెత్తాలి.

నీళ్ళు తియ్యడమే మొదటి పని, మిగతావన్నీ దాని తర్వాతే. మేం గట్టుకి మూడు చోట్ల గండి కొట్టాం, అయినా నీళ్ళు కదల్లేదు, ఎందుకంటే కింద మురుగు కాలువ నిండా గుర్రపుడెక్క, తూటికాడ. ఆ కాలువ బాగు చేయించమని ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నాం, ఎవరూ పట్టించుకోలేదు, ఈ మాట ఇప్పటికీ కోపంతోనే చెప్తున్నా. చివరికి పదకొండు మంది రైతులం తలా కొంత వేసుకుని జేసీబీ పెట్టి తీయించుకున్నాం. సాయంత్రానికి జానెడు నీళ్ళు దిగాయి. మీ ఊళ్ళో కూడా ఎవరి చేను వాళ్ళు చూసుకుంటే పని జరగదు, ఒక కాలువ కింద ఉన్నవాళ్ళంతా కలవాలి.

నీళ్ళు దిగగానే ఉప్పు ద్రావణం కొట్టండి. లీటరు నీటికి 50 గ్రాముల కల్లుప్పు, అంటే 200 లీటర్లకి 10 కిలోలు. కంకులు బాగా తడిసేలా కొట్టాలి. మొలక వచ్చేసిన గింజకి ఇది పనికిరాదు, ఇంకా రాని గింజని ఆపుతుంది. మేం మూడెకరాలకి కొట్టాం, రెండెకరాలకి ఆలస్యమైంది, ఆ తేడా కాటా దగ్గర కనపడింది. కూలీలు దొరికితే పడిపోయిన దుబ్బుల్ని నాలుగైదు కలిపి లేపి కట్టించండి, గాలి తగులుతుంది. ఇక మిషన్ అయితే టైర్ల మిషన్ ఆ బురదలో దిగదు, టైర్ల బదులు పట్టాల మీద నడిచే చైన్ మిషన్ కోసమే ఆగాలి. పడిన చేను కాబట్టి మామూలుగా గంటలోపు అయ్యే ఎకరం మాకు రెండు గంటలు తీసుకుంది. గంట లెక్కన తీసుకుంటారు కదా, ఆ ఖర్చుకి డబ్బులు పక్కన ఉండాలి.

పంట నష్టం రాయించుకోవడం ఆ తర్వాతి పని, కానీ దానికీ గడువు ఉంటుంది. ఈ-క్రాప్‌లో, అంటే ఎవరి చేలో ఏ పంట ఉందో ప్రభుత్వం ఆన్‌లైన్‌లో రాసుకునే లెక్కలో, మీ పేరు, సర్వే నంబరు, రకం సరిగ్గా ఉన్నాయో లేదో రైతు సేవా కేంద్రంలో ఈరోజే అడగండి. నష్టం 33 శాతం దాటితేనే లెక్కలోకి వస్తుంది. మిచాంగ్ అప్పుడు నీటి వసతి ఉన్న భూమికి హెక్టారుకి 17,000 రూపాయల పరిహారం లెక్కన, అంటే ఎకరానికి 7,000 లోపే, అది కూడా మా ఖాతాలో పడేసరికి మార్చి వచ్చింది. కౌలు చేనైతే కౌలు కార్డు లేకుండా మీ పేరు ఎక్కడం కష్టం, ఆ కార్డుకి భూమి యజమాని సంతకం కావాలి. నాకు మూడెకరాల్లో ఒక ఎకరానికే కార్డు ఉంది. మిగతా రెండెకరాల డబ్బు యజమాని ఖాతాలోకి పోయింది, ఆయన మంచివాడు కాబట్టి సగం తెచ్చిచ్చాడు. ఈ పరిహారం వస్తుంది కదా అని ముందే దాన్ని ఖర్చు లెక్కలో వేసుకోకండి. నేను వేసుకున్నా, అదీ ట్రాక్టర్ కోసం.

ఇక మీరు అసలు అడిగిన విషయం.

తుఫాను తర్వాత మనిషికి ఏదో ఒకటి సొంతంగా చేతిలో ఉండాలనిపిస్తుంది. మిషన్ కోసం నాలుగు రోజులు రోడ్డు మీద నిలబడితే ఎవరికైనా సొంత బండి మీదకే మనసు పోతుంది, అందులో మీ తప్పేం లేదు. నాకైతే చిన్నప్పటి నుంచీ పాత బళ్ళంటే ప్రాణం. మా నాన్న రాజ్‌దూత్ బైకుకి రెండు వైపులా పాల క్యాన్లు కట్టుకుని తెల్లారకముందే వెళ్ళేవాడు, ఆ చప్పుడు ఇంకా చెవిలోనే ఉంది. సంక్రాంతి వెళ్ళిన వారానికి ఒకాయన 35 హెచ్‌పీ ట్రాక్టర్ చూపించాడు. నేను వెళ్ళేసరికే స్టార్ట్ చేసి ఉంచాడు, కొత్త పెయింట్ మెరుస్తోంది, ఇంజిన్ టకటకా కొడుతోంది. అమ్మ ఒకటే మాట అంది, "చేను మునిగినప్పుడు చేలోకి దిగాలి గానీ బండ్లు చూడ్డానికి పోతారట్రా?" అని. వినలేదు. 1,40,000 ఇచ్చా. అందులో 60,000 బంగారం మీద తెచ్చింది, మిగతాది నూటికి రెండు రూపాయల వడ్డీకి.

దెబ్బ ఎక్కడ తగిలిందంటే, వరి పోయిన చేలో దున్నకుండానే మొక్కజొన్న గుచ్చాం, మా వైపు అలవాటే అది, వరి మడి తడి మీదే తాడు పట్టి గింజ వేసేస్తాం. ఆ పంటే మమ్మల్ని గట్టెక్కించాలి. రెండో దఫా యూరియా వేసే టైంకి చేతిలో డబ్బుల్లేవు. పన్నెండు రోజులు ఆలస్యమైంది. పక్క చేలో కండె చివరిదాకా గింజ నిండింది, మా కండెల్లో చివర రెండంగుళాలు ఖాళీ. ట్రాక్టర్‌కి ఇచ్చిన డబ్బు కంటే ఆ ఖాళీ కండెలు చూసినప్పుడే నాకు ఎక్కువ బాధనిపించింది.

తర్వాత దమ్ము సీజన్ వచ్చింది, అదే, నాట్లకి ముందు మడిలో నీళ్ళు పెట్టి బురదగా దున్నే టైం. దమ్ము చక్రాలు వేసుకుని దిగితే వెనక హబ్బులు బురదలోనే ఉంటాయి కదా, వెనక ఆయిల్ సీళ్ళు ఎప్పుడో పోయి ఉన్నాయట, బురద నీళ్ళు లోపలికెళ్ళి గేర్ల ఆయిల్ పాలు ఎక్కువైన టీ రంగులోకి మారింది. సీళ్ళు, బేరింగులు, ఆయిల్ కలిపి 38,000. ఆర్సీ ఇంకో గొడవ. అమ్మినాయన పేరు మీద కాదు, ఆయనకంటే ముందున్న ఓనర్ పేరు మీద ఉంది, పైగా ఫైనాన్స్ వాళ్ళ పేరు కొట్టేయించలేదు. నా పేరు మీదకి రావడానికి ఏడు నెలలు తిరిగా.

మీ నాలుగెకరాలకి ఏడాదికి దమ్ముకీ తోలకానికీ అద్దె కింద ఎంత ఇస్తున్నారో కాగితం మీద రాసుకోండి. మా ఐదెకరాలకి 30,000 దాటదు. పక్కవాళ్ళ చేలకి కిరాయికి తోలగలిగితేనే, అదీ మీరే నడపగలిగితేనే, పాత ట్రాక్టర్ గిట్టుతుంది. ఇంకోటి, ట్రాక్టర్ కొన్నా కోత మిషన్ కోసం ఆగడం తప్పదు, మీ బాధ మిషన్‌తో కదా.

మొక్కజొన్నో మినుమో చేతికొచ్చాక ఇంకా కావాలనిపిస్తే అప్పుడు చూడండి. ముందు రోజు ఫోన్ చేసి వస్తున్నానని చెప్పకండి, పొద్దున ఆరింటికల్లా అక్కడుండండి. స్టార్ట్ చేయకముందే ఇంజిన్ మీద అరచెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీ కోసం ముందే వేడి చేశారని అర్థం, ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి. చల్లటి ఇంజిన్ ఎంతసేపటికి అందుకుంటుందో చూడండి, నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ తాగుతోందన్నమాట. ఇంజిన్ ఆయిల్ పుల్ల తీసి చూడండి, వెనక గేర్ల ఆయిల్ కూడా బోల్టు విప్పించి వేలితో చూడండి, తెల్లగా ఉంటే నీళ్ళు కలిశాయి. మట్టిని గుల్ల చేసే రోటావేటర్‌ని వెనక తగిలించి పైకి లేపి, ఇంజిన్ ఆపేసి, పది నిమిషాలు మాట్లాడుతూ కూర్చోండి, అది కిందకి జారిపోతుంటే హైడ్రాలిక్స్‌లో పని ఉంది. ఛాసిస్ నంబరు ఆర్సీతో కలవాలి, వెనక తగిలించే ట్రక్కుకి వేరే ఆర్సీ ఉంటుంది, అదీ అడగండి. పదిహేనేళ్ళు దాటిన బండి కాబట్టి రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయిందో లేదో చూసుకోండి. ఓనర్ పేరు మార్చే ఫారం 29, 30 మీద ఆర్సీలో ఉన్న మనిషే మీ ముందు సంతకం పెట్టేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి.

ఆ ట్రాక్టర్ అమ్మేయలేదు, ఇంకా మా దగ్గరే ఉంది, ఇప్పుడు బాగానే తిరుగుతోంది. మీరు రాసింది నిన్న కాబట్టి చేలో నీళ్ళు ఇంకా ఉండే ఉంటాయి. ముందు మీ మురుగు కాలువ ఎక్కడ పూడిందో చూసిరండి, ఉప్పు కొట్టడంలో ఏమైనా సందేహం ఉంటే ఇక్కడే అడగండి, రాత్రి ఎనిమిది తర్వాత చూస్తా.