సారథిని డ్రైవర్‌ని చేయకమ్మా

చిరంజీవి అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ డాలస్‌లో ప్రతి ఆదివారం పిల్లలకి ఇంగ్లీషులో భారతం చెప్పబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. హిందీ వాళ్ల పిల్లలూ వస్తారట. ఎంత సంతోషమేసిందో అంత భయమూ వేసింది. ఇన్నేళ్లు హిందీ టీచరుగా చేసినదాన్ని, నా టెన్షనంతా మాటల దగ్గరే.

బొమ్మలు చూపించు. పేర్లు బోర్డు మీద రాయి. అరగంట దాటనివ్వకు. ఇవి నీకు తెలిసినవే.

నేను చెప్పాలనుకున్నది సారథి గురించి. హిందీ పిల్లలు చివర దీర్ఘం తీసి 'సారథీ' అంటారు. వాళ్ల భాషలో అది సరైనదే, దిద్దకు. మన పిల్లలు 'సారధి' అని రాస్తే మాత్రం దిద్దు. రథంలో ఉన్న 'థ'యే సారథిలోనూ ఉంది. ఇంగ్లీషులో 'చారియటీర్' అనే చెప్పు. నోరు తిరగదని 'డ్రైవర్' అనెయ్యకు.

మా పిల్లల చేతుల్లో ఒక గైడు ఉండేది. అందులో సారథీకి అర్థం డ్రైవర్ అని అచ్చువేశారు. ఒక పిల్లాడు పరీక్షలో 'కృష్ణుడు అర్జునుడి కారు డ్రైవర్' అని రాశాడు. స్టాఫ్ రూములో అందరూ పడీ పడీ నవ్వారు. నాకు మాత్రం ఆ పిల్లాడి మీద జాలేసింది. వాడు చదివిందే రాశాడు. ఇప్పుడు డ్రైవింగ్ లైసెన్సుల ప్రభుత్వ పోర్టల్‌కి కూడా సారథి అనే పేరు పెట్టారు కాబట్టి ఆ అర్థం పూర్తిగా తప్పని అనను. కానీ భారతంలో అది చాలదు. బండి నడిపేవాడు అనుకుంటే కృష్ణుడు చేసిన పనిలో సగం కూడా పిల్లలకి కనపడదు.

ద్రోణపర్వం చెప్పు. పొద్దుగూకేలోగా సైంధవుణ్ణి చంపుతానని ముందురోజు శపథం చేసిన అర్జునుడు యుద్ధానికి దిగిన రోజు. దారిలోనే గుర్రాలు బాణాలు దిగి, దప్పికతో డస్సిపోయాయి. చుట్టూ శత్రువులు. అర్జునుడు రథం దిగి, నేల మీద నిలబడి అందరినీ ఆపాడు. బాణంతో నేల చీల్చి నీళ్లు రప్పించాడు. కృష్ణుడు గుర్రాలని విప్పి, ఒంట్లో దిగిన బాణాలు తన చేతులతో పీకి, ఒళ్లు రుద్ది, నీళ్లు తాగించి, మేపి, మళ్లీ రథానికి పూన్చాడు. ఇదంతా యుద్ధం మధ్యలో! ఇక్కడ తొందరపడకు తల్లీ, గుర్రం ఒళ్లు రుద్దడం పిల్లల కళ్లకి కట్టాలి.

తర్వాత కర్ణపర్వం. కర్ణుడు నాగాస్త్రం ఎక్కుపెట్టినప్పుడు 'ఇది మెడకి తగలదు, గురి చూసి వెయ్యి' అన్నాడు అతని సారథి శల్యుడు. కర్ణుడు వినలేదు. అటు కృష్ణుడు రథాన్ని భూమిలోకి అణిచాడు, గుర్రాలు మోకాళ్ల మీద కూలబడ్డాయి, బాణం అర్జునుడి కిరీటాన్ని ఎగరగొట్టింది. ఆ ఒక్క బాణం దగ్గర ఇద్దరు సారథులూ ఏం చేశారో పిల్లల్నే చెప్పమను.

ఆ శల్యుడు మద్రదేశానికి రాజు. సూతపుత్రుడికి నేను రథం తోలాలా అని మొదట మండిపడ్డాడు. అప్పుడు ఎవరో ఒకరు 'సూతపుత్రుడంటే ఎందుకంత చిన్నచూపు' అని అడుగుతారు. దాటెయ్యకు. పెంచిన తండ్రి అధిరథుడు సూతుడు, అంటే రథం తోలేవాడు కాబట్టి కర్ణుణ్ణి నిండు సభలో అవమానించారనీ, అది అన్యాయమనీ సూటిగా చెప్పు. పిల్లలకి అర్థం కాదనుకోకు. ఈ ప్రశ్న చిన్నప్పుడు నువ్వూ అడిగావు, అన్నం తినకుండా కర్ణుడి కోసం ఏడ్చావు. అందుకే ఈ పని నీకు వస్తుందని నా నమ్మకం.

గొంతు చించుకోకు, నీకు అసలే త్వరగా బొంగురుపోతుంది. గోరువెచ్చని నీళ్లు దగ్గర పెట్టుకో. క్లాసు అవ్వగానే ఫోన్ చెయ్యి, పిల్లలు ఏమేం అడిగారో అన్నీ చెప్పాలి. ఇక్కడ అర్ధరాత్రి అయినా ఫరవాలేదు.

మీ పెద్దమ్మ