క్వాడ్ బైక్ వెనక యాక్సిల్ బేరింగ్‌లు ఇంట్లోనే మార్చుకోవచ్చా?

వెనక చక్రం పట్టుకుని ఊపితే టకటకమంటోంది, నడుపుతుంటే వెనక నుంచి గరగర వస్తోంది, బేరింగ్‌లు పోయినట్టున్నాయి, ఇంట్లో మార్చుకోగలనా అని అడిగారు. మార్చుకోగలరు. నా బండికి నేనే రెండుసార్లు మార్చాను. రెండోసారి మార్చాల్సి వచ్చింది మొదటిసారి నేను చేసిన పొరపాటు వల్లే. మీకు ఆ అవస్థ రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను చెప్పేది చైన్‌తో నడిచే బండి గురించి. అంటే రెండు వెనక చక్రాలకూ కలిపి ఒకటే పొడవాటి యాక్సిల్, అది స్వింగ్ ఆర్మ్ (వెనక యాక్సిల్‌ను ఫ్రేమ్‌కు కలిపే, పైకీ కిందికీ కదిలే చేయి) చివర ఉన్న, గొట్టం లాంటి క్యారియర్‌లో రెండు బేరింగ్‌ల మీద తిరుగుతుంది. ఒక్కో చక్రానికి విడిగా సస్పెన్షన్ ఉన్న బండి అయితే బేరింగ్‌లు చక్రాల దగ్గరే ఉంటాయి, పని వేరుగా ఉంటుంది.

ముందు పోయింది నిజంగా బేరింగేనా అని చూసుకోండి. బండి వెనక భాగం జాకీతో లేపి, ఫ్రేమ్ కింద స్టాండ్లు పెట్టండి. ఒట్టి జాకీ మీద వదిలేసి ఈ పని చేయొద్దు, సుత్తి దెబ్బలకు బండి జారిపోతుంది. ఒక చేత్తో చక్రాన్ని పైకీ కిందికీ ఊపుతూ, రెండో చేతి వేలు యాక్సిల్ క్యారియర్‌లోకి వెళ్లే చోట ఆనించండి. అక్కడ యాక్సిల్ కదులుతున్నట్టు వేలికి తెలిస్తే బేరింగే. యాక్సిల్ నిలకడగా ఉండి చక్రం ఒక్కటే ఊగుతుంటే హబ్ (చక్రాన్ని యాక్సిల్‌కు పట్టి ఉంచే మధ్య భాగం) నట్టు వదులైంది, లేదా హబ్ లోపలి గాడులు అరిగాయి. అప్పుడు బేరింగ్‌లు మార్చినా ఉపయోగం ఉండదు. చైన్ ఒకచోట బిగుతుగా, ఇంకోచోట వదులుగా ఉంటే స్ప్రాకెట్, చైన్ కూడా ఓసారి చూడండి.

బేరింగ్ కొనడానికి బండి మోడల్ చెబితే సరిపోతుంది కానీ, పాతదాని మీద చెక్కిన నంబరు చూసి తెచ్చుకోవడం ఇంకా నమ్మకం. ఉదాహరణకు 6008 అని ఉంటే లోపలి రంధ్రం 40 మిల్లీమీటర్లు (చివరి రెండంకెలను 5తో గుణిస్తే వస్తుంది), బయటి వ్యాసం 68, మందం 15. నంబరు పక్కన 2ఆర్‌ఎస్ అని ఉంటే రెండు వైపులా రబ్బరు సీలు ఉన్నట్టు. ఈ పనికి అలాంటిదే కావాలి. బేరింగ్‌లతో పాటు క్యారియర్ రెండు చివర్ల ఉండే ఆయిల్ సీళ్లు కూడా కొత్తవి తెచ్చుకోండి. పాత సీలు మళ్లీ వేస్తే కొత్త బేరింగ్‌లోకి నీళ్లను మనమే పంపినట్టు.

ఊడదీయడంలో ఎక్కువ టైమ్ తినేది నట్లే. హబ్ నట్లకు స్ప్లిట్ పిన్ (నట్టు తిరిగిపోకుండా అడ్డంగా గుచ్చే పిన్ను) తీసి, చక్రాలు నేల మీద ఉండగానే ఒక మర వదులు చేయండి, బండి లేపాక చక్రం తిరిగిపోతుంది కాబట్టి పట్టు దొరకదు. యాక్సిల్ మీద పక్కపక్కనే ఉండే రెండు పెద్ద లాక్ నట్లు మాత్రం మొండికేస్తాయి. వాటి మరలకు ఫ్యాక్టరీలోనే గట్టిగా పట్టే జిగురు పూసి ఉంటారు. నేను పొడవాటి పానా వేసి వేలాడినా కదల్లేదు. హీట్ గన్‌తో బాగా వేడి చేశాక జిగురు మెత్తబడి వదిలాయి. మంట వాడేట్టయితే పెట్రోలు, బ్రేక్ ఆయిల్ దగ్గర్లో లేకుండా చూసుకోండి. బ్రేక్ క్యాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) విప్పాక దాన్ని గొట్టం మీద వేలాడనివ్వకుండా ఫ్రేమ్‌కు తీగతో కట్టండి. డిస్క్ బయట ఉన్నంతసేపూ బ్రేక్ పెడల్ ఎవరూ తొక్కకూడదు.

చైన్ వదులు చేసి స్ప్రాకెట్ మీంచి తీసేశాక, యాక్సిల్‌ను ఒకవైపు నుంచి కొట్టి బయటకు లాగాలి. మరలు పాడవకుండా హబ్ నట్టును చివరి అంచుతో సమానంగా తిప్పి, దాని మీద చెక్కముక్క పెట్టి కొట్టండి. ఒట్టి యాక్సిల్ మీద ఇనుప సుత్తి వేస్తే చివర పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, ఆ తర్వాత ఏ నట్టూ ఎక్కదు. బాగా తుప్పు పట్టి ఉంటే ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి.

నా బండికి యాక్సిల్ బయటకు రాగానే క్యారియర్ లోంచి టీ రంగు నీళ్లు ధారగా కారాయి. ఒకవైపు బేరింగ్ లోపలి రింగు యాక్సిల్‌తోనే వచ్చేసింది, బాల్స్ నాలుగైదు నేల మీద దొర్లాయి, బయటి రింగు క్యారియర్‌లోనే ఉండిపోయింది. గ్రీజు అన్నది లేదు, తుప్పు ముద్ద మాత్రమే. సీలు అంచు గట్టిపడి, అరిగి, యాక్సిల్‌కు ఆనడమే మానేసింది. వాగుల్లో దింపడం ఒక కారణం. ప్రతిసారీ బండి కడిగేటప్పుడు నేను ప్రెషర్ వాషర్ నేరుగా అక్కడే పెట్టడం అంతకన్నా పెద్ద కారణం. బురద వదలాలని చేసిన పని, నీళ్లను సీలు దాటించి లోపలికి తోసింది.

ఇక్కడ తొందరపడకుండా యాక్సిల్‌ను శుభ్రంగా తుడిచి, బేరింగ్ కూర్చునే చోటును గోరుతో గీకి చూడండి. గోరు తట్టుకునేంత గాడి పడి ఉంటే, లేదా వెర్నియర్‌తో కొలిస్తే పక్క భాగం కన్నా సన్నగా ఉంటే, ఆ యాక్సిల్ పనికిరాదు. కొత్త బేరింగ్ వేసినా లోపలి రింగు యాక్సిల్ మీద జారుతూ తిరుగుతుంది, కొన్నాళ్లకే మళ్లీ లూజు. ఆ చోట పంచ్‌తో చుక్కలు కొట్టి బిగుతు చేసుకోవచ్చని కొందరు చెబుతారు. నా మాట వినండి, చేయొద్దు, ఆ చుక్కలు త్వరగానే అణిగిపోతాయి. క్యారియర్ విషయంలోనూ అంతే. బేరింగ్ సుత్తి అక్కర్లేకుండా చేత్తోనే వదులుగా జారి కూర్చుంటోందంటే ఆ క్యారియర్ అరిగినట్టే.

పాత బేరింగ్‌లు తీయడానికి క్యారియర్ లోపలి స్పేసర్ గొట్టాన్ని కాస్త పక్కకు జరిపి, ఇనుప కడ్డీని అవతలి బేరింగ్ రింగుకు ఆనించి, ఒకేచోట కాకుండా చుట్టూ మారుస్తూ కొట్టండి. కొన్ని బండ్లలో ఒకవైపు సర్‌క్లిప్ (బేరింగ్ బయటకు రాకుండా గాడిలో కూర్చునే స్ప్రింగు రింగు) ఉంటుంది, దాన్ని మర్చిపోయి ఎంత కొట్టినా రాదు. ఆ స్పేసర్‌ను కడిగి జాగ్రత్తగా పక్కన పెట్టుకోండి. రెండు బేరింగ్‌ల లోపలి రింగుల మధ్య దూరాన్ని కాపాడేది అదే. అది లేకుండా నట్లు బిగిస్తే లోపలి రింగులు ఒకదాని వైపు ఒకటి లాక్కుపోయి, బాల్స్ పక్కలకు ఒత్తుకుని బేరింగ్ పోతుంది.

నా మొదటి పొరపాటు కొత్తది కూర్చోబెట్టేటప్పుడు జరిగింది. దొరికిన పైపు ముక్క ఒకటి పెట్టి కొట్టాను. అది లోపలి రింగుకు సరిపోయే సైజు. దెబ్బ లోపలి రింగు నుంచి బాల్స్ మీదుగా బయటి రింగుకు వెళ్లింది. అంటే ప్రతి దెబ్బకూ బాల్స్ తమ దారిలో సన్నని గుంటలు పెట్టాయి. బిగించాక చక్రం తిప్పితే చేతికి ఇసుకలా సన్నగా తగిలింది. కొత్తది కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను. రెండు నెలలు తిరక్కుండానే అదే టకటక మొదలైంది. చాలా బాధేసింది.

క్యారియర్‌లోకి దించేటప్పుడు బలం బయటి రింగు మీదే పడాలి. రెండోసారి బేరింగ్‌లను కవర్లో చుట్టి రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచాను. అల్యూమినియం క్యారియర్‌ను చేయి పెట్టలేనంత వేడి చేశాను. అల్యూమినియం స్టీలు కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, అందుకే ఈ ఉపాయం పనిచేస్తుంది. పాత బేరింగ్ బయటి అంచును కొంచెం అరగదీసి కొత్తదాని మీద పెట్టి, రెండు మూడు చిన్న దెబ్బలు వేశాను. చప్పుడు బోలుగా ఉన్నది కాస్తా గట్టిగా మారింది, అంటే అడుగుకు చేరినట్టు. తర్వాత స్పేసర్ పెట్టి, రెండో బేరింగ్‌ను స్పేసర్‌కు తగిలేంత వరకే దించాను. అక్కడ ఆగాలి, ఇంకో దెబ్బ వేస్తే బిగుసుకుపోతుంది. వేలు పెట్టి తిప్పితే రెండూ మెత్తగా తిరగాలి.

మిగతాది విప్పిన వరుసకు తలకిందులు. సీలు అంచుకు, యాక్సిల్ బేరింగ్ కూర్చునే చోట గ్రీజు పూయండి. లాక్ నట్ల మరలు శుభ్రం చేసి కొత్త జిగురు పెట్టండి. టార్క్ విలువ (నట్టును ఎంత బలంతో బిగించాలన్న లెక్క) మీ బండి సర్వీస్ పుస్తకంలో చూసి, టార్క్ రెంచితోనే బిగించండి. స్ప్లిట్ పిన్లు కొత్తవి వేయండి. చైన్ వరుస, వదులు సరిచూసుకోండి. బండి కదిలించే ముందు బ్రేక్ పెడల్ గట్టిపడేవరకు పదేపదే తొక్కండి. క్యాలిపర్ మళ్లీ పెట్టేటప్పుడు ప్యాడ్లు వెనక్కి వెళ్లి ఉంటాయి, మొదటి తొక్కుకు బ్రేక్ పడదు.

పది పదిహేను కిలోమీటర్లు మెల్లగా నడిపి ఆపాక క్యారియర్ మీద చేయి జాగ్రత్తగా పెట్టి చూడండి. కాస్త వెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చేయి ఆనించలేనంత కాలుతుంటే బిగుతు ఎక్కడో ఎక్కువైంది, మళ్లీ విప్పాల్సిందే. అదే సమయంలో హబ్ నట్లు, చైన్ ఇంకోసారి చూసుకోండి. నాకు ఆ రోజు చైన్ కొంచెం సర్దాల్సి వచ్చింది, నట్లు మాత్రం కదల్లేదు.