డ్రాగన్ ఫ్రూట్, డ్యూరియన్, మాంగోస్టీన్ లాంటి పండ్లు నిజంగా అంత రుచిగా ఉంటాయా?

డ్రాగన్ ఫ్రూట్ ఉండదు. మాంగోస్టీన్ ఉంటుంది. డ్యూరియన్ సంగతి ఒక్క మాటలో తేలేది కాదు.

మాది అనంతపురం వైపు. చిన్నప్పుడు బడి వెనక కంచెలో నాగజెముడు పండ్లు కోసుకు తినేవాళ్లం. నేలకేసి రుద్ది నూగు ముళ్లు పోగొట్టి, చీల్చి నోట్లో వేసుకుంటే నాలుక, పెదాలు, చొక్కా అన్నీ ఎర్రబడేవి. ఎన్నో ఏళ్ల తర్వాత డబ్బులు పోసి డ్రాగన్ ఫ్రూట్ కొన్నాను. అదీ జెముడు జాతే. కానీ ఆ పులుపు లేదు, ఆ తీపీ లేదు. చప్పటి కీరదోసలో సబ్జా గింజలు కలిపినట్టుంది. తప్పంతా పండుది కాదులెండి. అది మామిడిలా గడ్డిలో పెడితే మాగే రకం కాదు, చెట్టు మీద ఎంత తీపి పడితే అంతే. దూరం పంపాలని ముందే కోసేస్తే ఇక ఎన్నాళ్లు ఉంచినా చప్పనే. గుజరాత్ ప్రభుత్వం 2021లో దానికి కమలం అని పేరు పెట్టింది, పేరు మారితే రుచి వస్తుందా! లోపల ఎర్రగా ఉండేది కొంత నయం. (అది తిన్న మర్నాడు బాత్రూంలో ఎరుపు కనిపిస్తే కంగారు పడకండి. నేను పడ్డాను.)

ఇక డ్యూరియన్. ఉద్యోగం మీద ఆరేళ్లు సింగపూర్‌లో ఉన్నాను. అక్కడి మెట్రోలో పొగ తాగితే 1000 డాలర్లు, ఏదైనా తిన్నా తాగినా 500 డాలర్లు జరిమానా అని బోర్డు ఉంటుంది. ఆ వరసలోనే, దాని ఘాటు వాసన వల్ల, డ్యూరియన్ బొమ్మ మీద అడ్డగీత. దానికి మాత్రం జరిమానా ఎంతో రాయలేదు. చుట్టుపక్కల వాళ్ల చూపులే చాలనుకున్నారేమో.

మలేషియా నుంచి వచ్చిన చైనీస్ సహోద్యోగి ఒకడు సింగపూర్‌లోనే గేలాంగ్ అనే పేటలో ఒక కొట్టుకు తీసుకెళ్లాడు. చేతికి ప్లాస్టిక్ గ్లౌజులు ఇచ్చారు. పనసకున్నట్టు మొండి ముళ్లు కావు, నిజంగానే గుచ్చుకుంటాయి. కొట్టాయన కత్తి మొన దించి తిప్పగానే వాసన గుప్పుమంది: మాగి పగిలిన పనసపండు, పక్కనే మురిగిన ఉల్లిపాయల బస్తా, ఎక్కడో గ్యాస్ లీకు, అన్నీ ఒకేసారి. మొదటి తొన మింగలేక టిష్యూలో ఉమ్మేశాను. వాడు నవ్వి నా వాటా కూడా తినేశాడు.

మళ్లీ ఏడాదికి అదే కొట్టు, ఈసారి ముసాంగ్ కింగ్ రకం. పసుపు పచ్చటి గుజ్జు. ఊపిరి బిగబట్టి నోట్లో పెట్టుకున్నాను. కాస్త అడుగంటిన పాలకోవా, వెనకే సన్నటి చేదు, చివర్లో ముక్కుకెక్కే ఘాటు. మూడు తొనలు తిన్నాను. మలేషియాలో పండు దానంతటది రాలేదాకా ఆగుతారట, థాయ్‌లాండ్‌లో ముందే కోస్తారు. అందుకే థాయ్ పండు గట్టిగా ఉంటుంది, వాసనా తక్కువే. మొదటిసారి తినేవాళ్లు దానితో మొదలుపెట్టడం మంచిది. నాకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

తిన్నాక నా స్నేహితుడు మాంగోస్టీన్లు ముందు పెట్టి "ఇవి తినకపోతే వేడి చేస్తుంది" అన్నాడు. అచ్చం మా అవ్వ మాట! మామిడిపండ్లు తిన్న రోజు మజ్జిగ చెంబు పట్టుకుని మా వెంటపడేది. ఊరు మారినా, భాష మారినా ఈ వేడీ చలువా గోల తప్పదు కాబోలు.

మాంగోస్టీన్ గురించి చెప్పడానికి వంక ఒక్కటీ దొరకదు. లేత ముంజెలా చల్లగా జారుతుంది, తీపి వెనకే పులుపు తగులుతుంది. పండు అడుగున పువ్వులాంటి గుర్తు ఉంటుంది, దానికి ఎన్ని రెక్కలుంటే లోపల అన్ని తొనలు. రంబుటాన్ అంటే జుట్టున్న లిచీ, అంతకుమించి లేదు. అవకాడోని పండులా తినడం నావల్ల కాలేదు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మరసం వేసి పచ్చడిలా కలిపితే మాత్రం చపాతీలోకి బాగుంది.

మాంగోస్టీన్ ఇప్పుడు హైదరాబాద్‌లోనూ దొరుకుతోంది, వానలు మొదలయ్యే రోజుల్లో కేరళ పండు వస్తుంది. కొనేముందు బొటనవేలితో నొక్కి చూడండి. కొద్దిగా లొంగాలి. రాయిలా ఉంటే లోపల ఎండిపోయినట్టే, వదిలేయండి. తొక్క రసం తెల్లబట్ట మీద పడితే మరక పోదు, అదొకటి గుర్తుంచుకోండి.