ప్రశ్న: కృత్రిమ చేతుల మీద ఇన్ని పరిశోధనలు జరుగుతున్నాయి కదా, ఇంకా ఆ ఇనప కొక్కెం వాడేవాళ్ళు ఎందుకున్నారు?

నేను వాడేది ఆ కొక్కెమే కాబట్టి చెబుతున్నాను. ఎడమ చెయ్యి మోచేతి కింద నుంచి లేదు. కొత్తవి తెలియక కాదు, వాడి చూశాకే ఈ మాటంటున్నాను.

ఆ మధ్య ఒక పరిశోధన బృందం మయోఎలక్ట్రిక్ చెయ్యి, అంటే కండరాల విద్యుత్ సంకేతాలతో మోటారు నడిచే చెయ్యి, పరీక్షకు పిలిస్తే వెళ్ళాను. బల్ల మీద పెట్టె, మధ్యలో అడ్డుపలక, ఒకవైపు చెక్క ముక్కలు. నిమిషంలో ఎన్ని అవతల వేస్తే అంత స్కోరు. కుర్చీలో కూర్చుని, మోచెయ్యి ఒంటికి ఆనించి చేసినంతసేపూ భేషుగ్గా ఉంది. తర్వాత లేచి, ఆ చేత్తోనే నీళ్ళ సీసా పట్టుకుని పై అరలో పెట్టబోయాను. చెయ్యి భుజం దాటేసరికి వేళ్ళు వాటంతటవే విచ్చుకున్నాయి. సీసా వెళ్ళి వాళ్ళ ల్యాప్‌టాప్ పక్కన పడింది. చెయ్యెత్తితే కండరాల బిగువు మారుతుంది, సాకెట్, అంటే మిగిలిన చేతికి తొడిగే గట్టి తొడుగు, కాస్త జరుగుతుంది, దానికి తోడు చెమట. చర్మం మీద ఆని కండరాల సంకేతం పట్టే ఎలక్ట్రోడ్లకు అందేది ఇంకోలా ఉంటుంది. వాళ్ళకిది తెలియని సంగతేం కాదు, దీని మీద బోలెడు పేపర్లున్నాయి. కానీ వాళ్ళ ఫారంలో సీసా సంగతి రాయడానికి గడి లేదు. ముక్కల లెక్క రాసుకుని పంపేశారు.

నా కొక్కేనికి భుజాల మీదుగా పట్టీ, ఒక కేబుల్, అంతే. భుజం ముందుకు కదిపితే తెరుచుకుంటుంది, రబ్బరు బ్యాండ్లు మూస్తాయి. ఎంత తెరుచుకుందో కేబుల్ బిగువే చెబుతుంది, చూడక్కర్లేదు. సామిల్లులో చెయ్యి పోగొట్టుకున్న డోరెన్స్ 1912లో పేటెంట్ తీసుకున్న నమూనా ఇది. 2016లో స్విట్జర్లాండ్‌లో సైబథ్లాన్ పోటీ పెట్టి, కృత్రిమ చేతులవాళ్ళ చేత బట్టలు ఆరేయడం లాంటి పనులు చేయించారు. మోటారు చేతులన్నిటినీ దాటి గెలిచింది బాబ్ రాడోసీ, కేబుల్‌తో నడిచే చేత్తో. ఆయనకూ చెయ్యి లేదు, ఇలాంటివి తయారుచేయడమే ఆయన వృత్తి. చెయ్యి లేనివాడు తన కోసం చేసుకున్నదే పనికొస్తుందని నేనంటే ఇంజనీర్లకు కోపం.

2007లో బిడిస్, చౌ అనే పరిశోధకులు పాతికేళ్ళ అధ్యయనాలు తిరగేసి, పెద్దవాళ్ళలో మోటారు చేతులు వదిలేసేవాళ్ళు సగటున 23 శాతం, కేబుల్‌వి వదిలేసేవాళ్ళు 26 శాతం అని తేల్చారు. అది చూపించి నాతో వాదించొచ్చు. ఆ 26లో సగంమందికి పట్టీ సరిగా బిగించి ఉండరని నా నమ్మకం.

ఇక బంధువులు పంపే రోబో చేతుల వీడియోలు. ప్రతిదాంట్లో ఒక గుడ్డు, దాన్ని పగలకుండా పట్టుకోవడం, వెనక సంగీతం. రోజంతా సాకెట్ వేసుకున్న మనిషి సాయంత్రం లైనర్, అంటే సాకెట్ లోపల వేసుకునే మెత్తటి తొడుగు, తీస్తే లోపల్నుంచి చెమట కారుతుంది, చర్మం ఒరుసుకుని ఎర్రగా కమిలి ఉంటుంది. నన్నడిగితే పరిశోధన డబ్బులో సగం ఆ సాకెట్ మీద పెట్టాలి. దానికి ఎవరూ వీడియో తియ్యరు, అదీ అసలు ఇబ్బంది.